గిటార్‌తో తొలి నెలలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సంక్రాంతి సెలవుల తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో గిటార్ గురించినవే ఎక్కువ. విజయవాడ, గుంటూరు నగరాల నుంచి వచ్చినవాటిలో ఏడింటిని ఎంచుకున్నాము. రాసినవారిలో చాలామంది ఎడమ చేతి కష్టాలే చెప్పుకున్నారు. కొత్తగా నేర్చుకునేవారికి అసలు పని కుడి చేతిలోనూ చెవిలోనూ ఉంటుందని ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్న నా అభిప్రాయం కనుక, జవాబులలో ఆ రెండింటి ప్రస్తావన పదే పదే వస్తే పాఠకులు విసుక్కోవద్దని మనవి.

ప్రశ్న: రెండు వారాల క్రితం అకూస్టిక్ గిటార్ కొన్నాను. తీగలు నొక్కీ నొక్కీ ఎడమ చేతి వేళ్ల కొసలు కందిపోయాయి. అంత గట్టిగా నొక్కినా కొన్ని తీగలు గరగరమంటున్నాయి, కొన్ని అసలు పలకడం లేదు. నా వేళ్లు మరీ సన్నగా ఉన్నాయని, గిటార్‌కు పనికిరావని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, మాచవరం, విజయవాడ

జవాబు: మీ స్నేహితుడి మాట పట్టించుకోకండి. బెల్జియంలో పుట్టిన జాంగో రైన్‌హార్ట్ 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్న తరువాత, మిగిలిన రెండు వేళ్లతోనే తన కాలపు జాజ్ గిటార్ వాద్యానికి కొత్త దారి వేశాడు. మీకు నాలుగు వేళ్లూ ఉన్నాయి, అవి సన్నగా ఉండటం పక్క తీగకు తగలకుండా నొక్కడానికి నిజానికి ఉపయోగమే.

వేళ్ల కొసల చర్మం మండటం సహజం. రోజూ వాయిస్తూ ఉంటే మూడు నాలుగు వారాలలో అక్కడి చర్మం కాయలు కాచి మంట తగ్గుతుంది. ఒకేసారి గంటసేపు కూర్చోవడం కంటే పూటకు పదేసి నిమిషాల చొప్పున మూడు పూటలు వాయించడం మేలు. స్నానం చేసి వచ్చిన వెంటనే, గిన్నెలు తోమిన వెంటనే గిటార్ పట్టుకోకండి, నానిన చర్మం తొందరగా రేగుతుంది. అయితే నొప్పి మణికట్టులో గాని, బొటనవేలి మొదట్లో గాని ఉంటే అది కాయలు కాచే నొప్పి కాదు, పట్టుకునే తీరులో తప్పు ఉందన్నమాట. అప్పుడు ఆపి, చేతికి విశ్రాంతి ఇచ్చి, మణికట్టు బాగా వంగిపోకుండా గిటార్‌ను ఒడిలో సర్దుకోవాలి.

ఇక గరగర సంగతి. గిటార్ పిడి మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను, వాటి వెనుక వేలు పెట్టే చోటును ఫ్రెట్ అంటారు. తీగలను సన్నటిదానిని ఒకటిగా, లావుదానిని ఆరుగా లెక్కపెడతారు. రెండవ తీగను మూడవ ఫ్రెట్ దగ్గర నొక్కి ఒక చిన్న పరీక్ష చేయండి. ముందుగా రెండు లోహపు కడ్డీల మధ్య ఖాళీకి సరిగ్గా నడుమ వేలు పెట్టి మీటండి. తరువాత వేలిని మూడవ కడ్డీకి ఆనీ ఆననట్టుగా, దాని వెనుకకు జరిపి మీటండి. రెండవ చోట సగం బలంతోనే నాదం స్పష్టంగా వస్తుంది. ఇప్పుడు వేలి ఒత్తిడిని కొద్ది కొద్దిగా తగ్గిస్తూ పోయి, తీగ గరగరమన్న చోట ఆగి, పిసరంత పెంచండి. ఆ తీగకు కావలసిన బలం అంతే. కొత్తవారు దీనికి రెట్టింపు బలం వాడతారు, అందుకే చేయి అలసిపోతుంది. ఎడమ చేతి గోళ్లు పూర్తిగా కత్తిరించుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చేసినా కష్టంగానే ఉంటే తప్పు మీది కాకపోవచ్చు. జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని, 12వ ఫ్రెట్ కడ్డీ పైభాగం నుంచి తీగ అడుగుభాగం వరకు ఎంత ఎత్తు ఉందో కొలవండి. స్కేలు అంచుకూ సున్నా గీతకూ మధ్య ఖాళీ ఉంటే దానిని లెక్కలో కలుపుకోవడం మరవకండి. లావుగా ఉండే ఆరవ తీగ దగ్గర సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్నటి మొదటి తీగ దగ్గర సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే వాద్యం సవ్యంగా ఉన్నట్టే. మూడున్నర, నాలుగు ఉంటే అనుభవజ్ఞులకు కూడా అది శిక్షే. ఈ ఎత్తును యాక్షన్ అంటారు. గిటార్ పొట్ట మీద తీగలను బిగించే బ్రిడ్జ్ అనే చెక్కపై, తీగలు ఆనే తెల్లని పట్టీని, అంటే శాడిల్‌ను, అడుగువైపు అరగదీసి దీనిని తగ్గిస్తారు. శాడిల్ 1 మిల్లీమీటరు తగ్గితే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు మాత్రమే తగ్గుతుంది, ఎందుకంటే 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది. ఈ పని ఇంట్లో గరుకు కాగితంతో చేయకుండా వాద్యాలు బాగుచేసేవారికి అప్పగించండి, అరిగిన పట్టీని మళ్లీ పెంచలేము. పనిలో పనిగా తీగల సెట్టు మార్చమనండి. మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు ఉండే సెట్టు తీసి 10 వంతులది వేస్తే వేళ్లకు వెంటనే తేడా తెలుస్తుంది.

నా మొదటి గిటార్ యాక్షన్ నాలుగు మిల్లీమీటర్లకు పైనే ఉండేది. ఆ సంగతి తెలియక ఒక ఏడాదిపాటు నన్ను నేనే తిట్టుకున్నాను. అమ్మిన దుకాణంవారు కూడా ‘వాయించగా వాయించగా అదే అలవాటవుతుంది’ అన్నారే గాని స్కేలు పెట్టి చూడలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. గిటార్ కావాలని పట్టుబడుతున్నాడు. పెద్ద గిటారే కొంటే పెద్దయ్యాక కూడా పనికొస్తుందని మా వారు అంటున్నారు. నైలాన్ తీగలదా, ఉక్కు తీగలదా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాము.
— ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, రేపటికి పనికొస్తుందని రెండు సైజులు పెద్ద చెప్పులు కొంటే పిల్లవాడు ఈరోజు నడవలేడు. ఆ వయసుకు ముప్పావు సైజు, అంటే దాదాపు 36 అంగుళాల పొడవుండే గిటార్ సరిపోతుంది. కొనే ముందు అబ్బాయిని దుకాణానికి తీసుకువెళ్లి కూర్చోబెట్టండి. కుడి చేయి గిటార్ పొట్ట మీదుగా వేసినప్పుడు భుజం పైకి లేవకూడదు, ఎడమ చేయి మొదటి ఫ్రెట్ వరకు చాచినప్పుడు మోచేయి పూర్తిగా సాగిపోకూడదు. ఈ రెండూ కుదిరితే సైజు సరైనదే.

తీగల విషయంలో మీ అబ్బాయికి నైలాన్‌వే నయం. వేళ్లకు మెత్తగా ఉంటాయి, శబ్దం కూడా మృదువుగా ఉంటుంది. నైలాన్ తీగలుండే క్లాసికల్ గిటార్‌కు నెక్, అంటే పిడి, కొంచెం వెడల్పు కనుక వేళ్లు ఒకదానికొకటి అడ్డం రావు. అయితే ఒక జాగ్రత్త. నైలాన్ గిటార్‌కు పొరపాటున కూడా ఉక్కు తీగలు వేయించకండి. పెద్ద సైజు గిటార్‌లో ఆరు నైలాన్ తీగలు కలిసి బ్రిడ్జ్‌ను లాగే బలం సుమారు 40 కిలోలు అయితే, ఉక్కు తీగలు 70 కిలోలకు పైగా లాగుతాయి. ఆ బలానికి పలుచని పైచెక్క ఉబ్బి, చివరికి బ్రిడ్జ్ ఊడి వస్తుంది. ‘శబ్దం పెద్దగా వస్తుంది, వేయించండి’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ప్రశ్న: డ్యూటీ నుంచి వచ్చాక రోజుకు అరగంట దొరుకుతుంది. వీడియోలు చూసి జి, సి, డి, ఇ మైనర్ కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు) నేర్చుకున్నాను. ఒక్కొక్కటి విడిగా బాగానే పలుకుతున్నాయి. పాటలో ఒక కార్డు నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు మాత్రం చేయి ఆగిపోతోంది, పాట తెగిపోతోంది. వేగం రావడానికి ఏం చేయాలి?
— ప్రైవేటు ఉద్యోగి, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం ‘చేయి ఆగిపోతోంది’ అన్న మాటలో ఉంది. ఆగేది ఏ చేయి? ఎడమ చేయి కార్డు కోసం వెతుక్కుంటుంటే కుడి చేయి మర్యాదగా దాని కోసం నిలబడి ఎదురుచూస్తోంది. ఆ మర్యాదను మానిపించాలి. మృదంగ విద్వాంసుడు తాళం వేస్తూ ఉంటే గాయకుడు సాహిత్యం మరచిపోయినా తాళం ఆగదు, ఆవర్తం పూర్తవుతుంది. మీ కుడి చేయి ఆ విద్వాంసుడు కావాలి.

మొదటి వారం ఎడమ చేతిని తీగల మీద ఊరికే ఆనించి, నొక్కకుండా, శబ్దం మూసి ఉంచండి. కుడి చేతిని గడియారపు లోలకంలాగా కిందికీ పైకీ ఒకే నడకలో ఆడించండి. తాళం దెబ్బలు వినిపించే మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ప్రతి దెబ్బకు కిందికి, రెండు దెబ్బల నడుమ పైకి చేయి రావాలి. నోటితో ‘తకధిమి’ అనుకుంటే ‘త’, ‘ధి’ కిందికి, ‘క’, ‘మి’ పైకి పడతాయి. తరువాత చేయి ఆడటం ఆపకుండానే కొన్ని చోట్ల తీగలకు తగలనీయకుండా గాలిలో పోనివ్వండి. స్ట్రమ్మింగ్ ప్యాటర్న్ అని అందరూ బాణాల గుర్తులతో కాగితం మీద బట్టీ పడుతున్నదంతా ఇంతే: చేయి ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది, ఎక్కడ తగిలించాలో ఎక్కడ వదలాలో మాత్రమే మారుతుంది. మన సినిమా పాటలలో తరచుగా వినిపించే ఊయల నడకకు ‘తకిట తకిట’ అని మూడేసి చొప్పున లెక్కపెట్టుకోండి, ‘త’ మీద కొంచెం బలంగా పడాలి.

కార్డు మారే చోట ఎడమ చేతికి సమయం చాలకపోతే, ఆ ఒక్క పైదెబ్బకు ఖాళీ తీగలు మోగినా ఫరవాలేదు. వినేవారు దానిని గమనించరు, అనుభవజ్ఞులు కూడా రోజూ చేసే పనే అది. తాళం తెగితే మాత్రం తాళం రానివారికి కూడా తెలిసిపోతుంది.

ఎడమ చేతికి చేయవలసిన సాధన చాలా చిన్నది. రెండు కార్డుల జత ఒకటి తీసుకుని, ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని, ఆ నిమిషంలో ఎన్నిసార్లు మారగలిగారో లెక్కించి నోటుపుస్తకంలో రాసుకోండి. 60 దెబ్బల నడకలో నాలుగు దెబ్బలకు ఒకసారి కార్డు మారే పాటకు నిమిషానికి 15 మార్పులు చాలు. మీ లెక్క 30 దాటిందంటే ఆ జత పాటకు సిద్ధమైనట్టే. ఇంకా ముఖ్యంగా, ఏ వేలు కదలనక్కరలేదో చూసుకోండి. మూడవ ఫ్రెట్‌లో ఉంగరపు వేలు రెండవ తీగ మీద, చిటికెన వేలు మొదటి తీగ మీద ఉండేలా నాలుగు వేళ్లతో జి కార్డు పట్టుకుంటే, డి కార్డుకు మారేటప్పుడు ఉంగరపు వేలు ఉన్నచోటే ఉండిపోతుంది. సి కార్డుకు బదులు దాని రూపాంతరమైన సి యాడ్ 9 వేస్తే ఆ రెండు వేళ్లూ కదలవు, చూపుడు వేలు, మధ్యవేలు ఒక్కొక్క తీగ కిందికి జరిగితే సరి. తరువాత ఎ మైనర్ నేర్చుకున్నప్పుడు, దానికీ మామూలు సి కార్డుకూ మధ్య ఉంగరపు వేలు ఒక్కటే మారుతుందని గమనిస్తారు. నాలుగు వేళ్లనూ గాలిలోకి లేపి మళ్లీ దించే అలవాటు పోయిన రోజున వేగం దానంతట అదే వస్తుంది.

అరగంటలో ఐదు నిమిషాలు శ్రుతికి, పది నిమిషాలు కుడి చేతికి, ఐదు నిమిషాలు జతలకు, మిగిలిన పది నిమిషాలు ఏదైనా ఒక పాటకు ఇవ్వండి. ఆ పాటను మొదటి నుంచి చివరిదాకా, తప్పులు పోయినా ఆగకుండా వాయించాలి.

ప్రశ్న: ఎఫ్ కార్డు రాక రెండు నెలలుగా అక్కడే ఆగిపోయాను. చూపుడు వేలితో ఆరు తీగలూ నొక్కడం నా వల్ల కావడం లేదు. గిటార్ మానేద్దామనిపిస్తోంది.
— ఇంటర్ విద్యార్థి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: బాబూ, ఎఫ్ కార్డు దగ్గర గిటార్ మానేసినవారు లోకంలో చాలామంది ఉన్నారు. నువ్వు ఆ జాబితాలో చేరనక్కరలేదు. మొదటి ఫ్రెట్ నట్‌కు, అంటే పిడి చివర తీగలు ఆనే పట్టీకి, ఆనుకుని ఉంటుంది కనుక అక్కడ తీగ అన్నిచోట్లకంటే బిగువుగా తగులుతుంది. బారె కార్డును, అంటే ఒకే వేలితో తీగలన్నీ నొక్కే కార్డును, అక్కడ మొదలుపెట్టడం, ఈత రానివాడు ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున కృష్ణలో దిగడం వంటిది. అదే ఆకారాన్ని ఐదవ ఫ్రెట్ దగ్గర పట్టుకుని చూడు, అది ఎ కార్డు అవుతుంది, సగం శ్రమతో పలుకుతుంది. వేలిని బోర్లా కాకుండా బొటనవేలి వైపుకు కాస్త ఒరగబెట్టి, ఎముక గట్టిగా ఉండే పక్కభాగంతో నొక్కు. అక్కడ కుదిరాక వారానికి ఒక ఫ్రెట్ చొప్పున వెనక్కు రా.

అంతదాకా పాటలు ఆపనక్కరలేదు. మొదటి తీగను ఖాళీగా వదిలి, రెండవ తీగను మొదటి ఫ్రెట్‌లో, మూడవ తీగను రెండవ ఫ్రెట్‌లో, నాలుగవ తీగను మూడవ ఫ్రెట్‌లో నొక్కి ఆ నాలుగు తీగలే మీటితే ఎఫ్ మేజర్ 7 వస్తుంది, చాలా పాటలలో ఎఫ్ స్థానంలో హాయిగా ఒదుగుతుంది. లేదా ఐదవ ఫ్రెట్‌కు కాపో (తీగలన్నింటినీ ఒకచోట బిగించే బిళ్ల) పెట్టి, పాటలో సి ఉన్నచోట జి, ఎఫ్ ఉన్నచోట సి, జి ఉన్నచోట డి, ఎ మైనర్ ఉన్నచోట ఇ మైనర్ వాయించు. శ్రుతి మారదు, ఎఫ్ కార్డు ఊసే ఉండదు.

ప్రశ్న: నా వయసు 61 సంవత్సరాలు. చిన్నతనంలో నాలుగేళ్లు వీణ నేర్చుకున్నాను. పదవీ విరమణ తరువాత మనవడి గిటార్ తీసుకుని మొదలుపెట్టాను. యాప్ మీద నమ్మకం లేక చెవితోనే శ్రుతి చేసుకుంటాను. ఇ కార్డుకు చక్కగా శ్రుతి కలిసేలా సరిచేస్తే, జి కార్డు అపశ్రుతి పలుకుతోంది. జి కార్డుకు సరిచేస్తే ఇ కార్డు చెడుతోంది. లోపం నా చెవిలో ఉందా, గిటార్‌లో ఉందా? ఈ వయసులో ఇది నేర్చుకోవడం సమంజసమేనా?
— విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అయ్యా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువ సంతోషపెట్టిన ప్రశ్న మీది. లోపం మీ చెవిలో లేదు, గిటార్‌లోనూ లేదు. మీ చెవి చాలా మంచిది కనుకనే ఈ ఇబ్బంది వచ్చింది.

ఇ కార్డులో ఇ షడ్జమం అనుకుంటే, మూడవ తీగ మొదటి ఫ్రెట్‌లో పలికేది అంతర గాంధారం. తంబురా నాదంలో మనకు సహజంగా వినిపించే అంతర గాంధారం షడ్జమానికి 5/4 నిష్పత్తిలో ఉంటుంది. గిటార్ ఫ్రెట్లు మాత్రం స్థాయిని (స నుంచి పై స వరకు) 12 సమాన భాగాలు చేసే పద్ధతిలో అమర్చినవి, ఒక్కొక్క మెట్టుకు నాదపు కంపనాల సంఖ్య సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కలో వచ్చే గాంధారం మన సహజ గాంధారం కంటే దాదాపు అరస్వరంలో ఏడవ వంతు ఎక్కువగా ఉంటుంది. పంచమంలో తేడా లెక్కలోకి రానంత స్వల్పం, గాంధారంలోనే తెలిసిపోతుంది. మీరు ఇ కార్డు విని, ఎక్కువగా ఉన్న గాంధారాన్ని సహించలేక మూడవ తీగను కాస్త దించుతున్నారు. ఇ కార్డు తంబురాలాగా కలిసిపోతుంది. కాని జి కార్డులో అదే మూడవ తీగ ఖాళీగా మోగుతూ సాక్షాత్తు షడ్జమం అవుతుంది. దించిన షడ్జమాన్ని ఏ చెవి ఒప్పుకుంటుంది?

కాబట్టి కార్డు విని శ్రుతి చేయడం మానండి. ఒక్కొక్క తీగను విడిగా శ్రుతి చేయాలి. ఐదవ తీగ ఎ స్వరానికి సెకనుకు 110 కంపనాలు ఉండాలి, ఇది యాప్‌తో గాని, హార్మోనియంతో గాని పట్టుకోండి. మిగిలినవి మీ చెవికే వదలండి. ఆరవ తీగను ఐదవ ఫ్రెట్ దగ్గర నొక్కితే ఐదవ తీగ ఖాళీ స్వరం వస్తుంది, ఐదవదానిని నొక్కితే నాలుగవది, నాలుగవదానిని నొక్కితే మూడవది. మూడవ తీగను మాత్రం నాలుగవ ఫ్రెట్ దగ్గర నొక్కాలి, అది రెండవదానికి సరిపోతుంది. రెండవదానిని మళ్లీ ఐదవ ఫ్రెట్ దగ్గర నొక్కితే మొదటి తీగ. మన పరిభాషలో చెప్పాలంటే లావు తీగ నుంచి వరుసగా ఒక్కొక్క తీగ ముందుదానికి శుద్ధ మధ్యమం, మూడవ తీగ నుంచి రెండవదానికి మాత్రం అంతర గాంధారం. వీణ వాయించే తీగల ‘సపసప’ అమరికకు అలవాటుపడిన చేతికి ఇది మొదట్లో తికమకగా ఉంటుంది.

వీణ విద్య వృథా కాదు. ఏ తీగ మీదనైనా ఖాళీ తీగను షడ్జమంగా తీసుకుని 2, 4, 5, 7, 9, 11, 12 ఫ్రెట్లు వరుసగా మీటండి, శంకరాభరణం. వాటిలో 5, 11 వదిలేస్తే మోహన. సరళీ స్వరాలు పాడుకున్న మాయామాళవగౌళకు 1, 4, 5, 7, 8, 11, 12. ఎడమ చేతి నాలుగు వేళ్లకు ఇంతకంటే మంచి వ్యాయామం నాకు తెలియదు, పాశ్చాత్య పద్ధతి పుస్తకాలలో ఇచ్చే పొడి అభ్యాసాలకంటే మీకు ఇవే రుచిస్తాయి. షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి మోగిస్తే మేజర్ కార్డు, గాంధారాన్ని ఒక ఫ్రెట్ దించి సాధారణ గాంధారం చేస్తే మైనర్ కార్డు. కొత్తవారు నెలల తరబడి బట్టీ పట్టే ఈ విషయం మీకు ఒక్క వాక్యంలో అయిపోయింది.

పాట కావాలంటే ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరాలతో మొదలుపెట్టండి. ఈస్టిండియా కంపెనీవారి బ్యాండు వంటి పాశ్చాత్య సంగీతం విని, ఆ బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కూర్చారు. అవి శంకరాభరణ స్వరాలలో, గమకాలు దాదాపు లేకుండా నడుస్తాయి కనుక గిటార్‌కు తగినట్టు ఒదుగుతాయి. గమకం కావాలనిపించినప్పుడు మాత్రం నిరాశపడకండి. వీణ మీద మెట్ల మధ్య తీగను పక్కకు లాగి మూడు నాలుగు స్వరాలు పలికించినట్టు అకూస్టిక్ గిటార్ మీద లాగలేము, మూడవ తీగ కూడా పైన సన్నని తీగ చుట్టిన చుట్టతీగే కావడంతో అసలే సాగదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాద్యం మీద గమకాలు పలికించారు కాని, ఆయన వాడినది విద్యుత్ మాండొలిన్. అందుకని గిటార్ మీద స్వరం నుంచి స్వరానికి వేలిని జార్చే జారుతోనే ప్రస్తుతానికి సరిపెట్టుకోండి.

వయసు గురించి అడిగారు. కీళ్లనొప్పులు లేకపోతే సన్నని తీగలు వేయించుకుని నిరభ్యంతరంగా నేర్చుకోవచ్చు. మీకు ఉన్న చెవి ఇరవై ఏళ్లవారిలో చాలామందికి లేదు.

ప్రశ్న: నేను భజనలలో పాడతాను. నాది ఐదున్నర శ్రుతి. గిటార్ కార్డులు నేర్చుకుంటున్నాను కాని, ఏ పాట కార్డులు చూసినా నా గొంతుకు కుదరడం లేదు. మా బృందంలో ఒకటిన్నర శ్రుతిలో పాడే ఒక పెద్దాయనకు కూడా వాయించాలి.
— పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీకు కావలసింది కొత్త కార్డులు కాదు, ఒక కాపో. తీగలన్నింటినీ ఒక ఫ్రెట్ దగ్గర బిగించి పట్టే ఆ బిళ్ల ఒక్కొక్క ఫ్రెట్ పైకి జరిగినకొద్దీ శ్రుతి అరస్వరం చొప్పున పెరుగుతుంది. హార్మోనియం లెక్కలో ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ. ‘న్నర’ అంటే దాని తరువాతి నల్లమెట్టు. ఈ లెక్కన మీ ఐదున్నర జి షార్ప్. మొదటి ఫ్రెట్‌కు కాపో పెట్టి జి, సి, డి కార్డులు వాయిస్తే అవి మీ శ్రుతిలో షడ్జమ, మధ్యమ, పంచమ కార్డులవుతాయి. కొంచెం పలుచగా, మెరుపుగా వినిపించాలంటే నాలుగవ ఫ్రెట్‌కు పెట్టి ఇ, ఎ, బి7 వాయించండి. పెద్దాయన ఒకటిన్నర సి షార్ప్ కనుక, నాలుగవ ఫ్రెట్‌లోనే ఉంచి ఎ, డి, ఇ వాయిస్తే సరి, కాపో కదపనక్కరలేదు.

కాపోను కడ్డీకి ఆనుకుని వెనుకగా, తిన్నగా పెట్టండి. పెట్టిన తరువాత తీగలు కాస్త పైశ్రుతికి పోతాయి కనుక ఒకసారి సరిచూసుకోవాలి. మన రాగాల పాటలకు ప్రతి స్వరానికీ ఒక కార్డు వేయాలన్న తాపత్రయం వద్దు. చాలా భజనలకు షడ్జమ పంచమాలు రెండే, గాంధారం లేకుండా, తాళానికి మోగిస్తే పాటకు నిండుదనం వస్తుంది, రాగానికి అన్యాయం జరగదు. తబలా ఉన్నప్పుడు గిటార్ దెబ్బలు సగానికి తగ్గించండి.

ప్రశ్న: ఎండాకాలంలో మా గిటార్ తీగలు ఫ్రెట్ల నుంచి బాగా పైకి లేచాయి. ఏసీ గదిలో శ్రుతి చేసి మేడ మీదకు తీసుకువెళితే మారిపోతోంది. తీగలకు తుప్పు కూడా పడుతోంది. ఎలా కాపాడుకోవాలి?
— ఒక కుటుంబం, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ ఉండే గాలి హితం. మన బెజవాడలో ఒక నెల వడగాలి, మరో నెల ముసురు. తేమ ఎక్కువైతే పైచెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, నెక్ ముందుకు వంగినా అంతే. నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీని తిప్పి వంపు సరిచేయవచ్చు కాని, ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకూడదు, తిప్పిన తరువాత ఒక రోజు ఆగి చూడాలి. అలవాటు లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఏసీ గదిలో తీగ చల్లబడి కుంచించుకుని శ్రుతి పెరుగుతుంది, దానిని మీరు దించి సరిచేస్తారు. మేడ మీద వేడికి అదే తీగ సాగి మరింత దిగిపోతుంది. వాయించే చోటికి వెళ్లి పావుగంట ఆగి శ్రుతి చేసుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు. రోహిణీకార్తెలో ఆపి ఉంచిన కారులో గిటార్‌ను వదలకండి. వేడికి జిగురు మెత్తబడి, తీగల లాగుడుకు బ్రిడ్జ్ లేచి వచ్చిన వాద్యాలను చూశాను. బయటి గోడకు తగిలించడం కంటే సంచిలో పెట్టి, లోపలి గదిలో నిలబెట్టడం నయం.

తుప్పు చెమట వల్ల వస్తుంది. వాయించే ముందు చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి, వాయించిన తరువాత పొడి నూలుగుడ్డను తీగ కిందుగా కూడా పోనిచ్చి తుడవండి. రోజూ వాయించేవారు ఈ ఊరి వాతావరణంలో రెండు మూడు నెలలకొకసారి తీగలు మార్చవలసి ఉంటుంది. తీగ మీద వేలు జార్చినప్పుడు గరుకుగా తగిలినా, కొత్తగా శ్రుతి చేసినా 12వ ఫ్రెట్ స్వరం ఖాళీ తీగకు తారస్థాయిగా కలవకపోయినా దాని పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు ఆరింటినీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించి, తరువాతిదానికి పోండి.